దట్టంగా ఒక పొర, గుల్లగా రెండు పొరలు

(బరంపురంలో తెలుగు విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం. చివర్లో సభలోంచి వచ్చిన ప్రశ్నలు, జవాబులు కూడా ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి కూడా పిల్లలు వచ్చారని ఇప్పుడే చెప్పారు. చాలా సంతోషం. మీలో ఒడియా మీడియంలో చదివినవాళ్ళున్నారు, ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళున్నారు. ఇంట్లో మాత్రం అందరిదీ తెలుగే. అందుకని తెలుగులోనే చెబుతాను. అర్థం కాని చోట చెయ్యెత్తండి, ఆగి మళ్ళీ చెబుతాను.

సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్ అని ఒకటుంది. గ్యాసుని మంట పెట్టకుండా, దాన్నుంచి నేరుగా కరెంటు తీసే సెరామిక్ పలక అది. అందులో పల్చటి పొరలుంటాయి. ఆ పొరల్ని ఎలా పూస్తారు అన్నదే ఇవాళ్టి మాట. ఇంత పెద్ద విషయంలో పూత గురించే ఎందుకంటే, ఈ సెల్ కథ అంతా పూత దగ్గరే ఆగిపోయి, మళ్ళీ పూత దగ్గరే కదిలింది కాబట్టి. జిర్కోనియా అనే సెరామిక్‌లో యిట్రియా అనే ఇంకో ఆక్సైడ్ కలిపితే, వేడి మీద దానిలోంచి కరెంటు పారుతుందని 1899లోనే వాల్టర్ నెర్న్‌స్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించాడు, దాంతో దీపం కూడా చేశాడు. 1937లో బావర్, ప్రైస్ అనే ఇద్దరు జిర్కోనియా సెరామిక్‌తో 1000 డిగ్రీల దగ్గర ఫ్యూయల్ సెల్ నడిపారు. పదార్థం తెలుసు, సూత్రం తెలుసు. అయినా అది కొనుక్కునే వస్తువు కావడానికి ఇంకో అరవై, డెబ్భై ఏళ్ళు పట్టింది. ఆ జాప్యానికి కారణాలు చాలా చెబుతారు. నా లెక్కలో పెద్ద కారణం ఒకటే. పొరని పల్చగా, చిల్లు లేకుండా, చవగ్గా వేయడం తెలియలేదు.

మొదలు మన ఇసుక దగ్గర పెడదాం. బరంపురం నుంచి ఛత్రపురం ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడి తీరంలో కేంద్ర ప్రభుత్వ కంపెనీ ఐఆర్‌ఈఎల్ వాళ్ళు ఇసుక తవ్వుతారు. ఇసుకలో నల్లగా కనిపించేది ఇల్మెనైట్. దాంతోపాటు రూటైల్, గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్, జిర్కాన్ ఉంటాయి. ఈ చివరి రెండూ మనకి కావాలి. జిర్కాన్ అంటే జిర్కోనియం సిలికేట్. దాన్ని కాస్టిక్ సోడాతో వేడి చేసి, సిలికాని వేరు చేసి, జిర్కోనియా తీస్తారు. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. అణు రియాక్టర్లో వాడే జిర్కోనియంలో హాఫ్నియం అసలు ఉండకూడదు, హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో దాన్ని వేరు చేయడానికి చాలా శ్రమపడతారు. ఫ్యూయల్ సెల్‌కి హాఫ్నియం కొంచెం ఉన్నా పరవాలేదు. సిలికా మాత్రం ఉండకూడదు. అది రేణువుల మధ్య సందుల్లో చేరి ఆక్సిజన్ దారికి అడ్డం పడుతుంది. మోనజైట్‌లో సీరియం, లాంథనం బాగా ఉంటాయి. ఈ సెల్‌లో ఆ రెండిటికీ పని ఉంది, తర్వాత చెబుతాను. గోపాల్‌పూర్ బీచ్‌లో మీ కాళ్ళకి అంటుకునే ఇసుకలో ఈ సెల్‌కి కావలసిన సరుకు చాలావరకు ఉందన్నమాట. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి అది అణుశక్తి చట్టాల కిందికి వస్తుంది, ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోవడానికి లేదు.

ఇప్పుడు సెల్ లోపలికి వెళ్దాం. మూడు పొరలు. ఒక పక్క ఆనోడ్, అటు గ్యాసు వస్తుంది. ఇంకో పక్క క్యాథోడ్, అటు గాలి వస్తుంది. మధ్యలో ఎలక్ట్రోలైట్, అదే యిట్రియా కలిపిన జిర్కోనియా పొర. గాలిలోని ఆక్సిజన్ క్యాథోడ్ దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుని అయాన్ అవుతుంది. ఆ అయాన్ మధ్య పొరలోంచి నడిచి ఆనోడ్ దగ్గరికి వెళ్ళి, అక్కడ హైడ్రోజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. అప్పుడు విడిచిపెట్టిన ఎలక్ట్రాన్లు బయట తీగలోంచి తిరిగి వస్తాయి. అదే మన కరెంటు. గాలీ గ్యాసూ నేరుగా కలవకూడదు కాబట్టి మధ్య పొర పూర్తిగా దట్టంగా ఉండాలి, సూది బెజ్జం కూడా పనికిరాదు. పక్క రెండు పొరల్లోకి గాలీ గ్యాసూ దూరాలి కాబట్టి అవి గుల్లగా ఉండాలి. దట్టంగా ఒకటి, గుల్లగా రెండు. ఈ మూడూ ఒకదానికొకటి అతుక్కుని, 700, 800 డిగ్రీల వేడిలో ఏళ్ళ తరబడి ఊడిపోకుండా ఉండాలి.

మధ్య పొర ఎంత పల్చగా ఉండాలి? పిల్లలు, ఇది రాసుకోండి, ఇంటికెళ్ళి మళ్ళీ చేసి చూడండి. ఒక చదరపు సెంటీమీటరు ముక్క తీసుకోండి. 800 డిగ్రీల దగ్గర ఈ జిర్కోనియా వాహకత సెంటీమీటరుకి సుమారు 0.03 సీమెన్స్ అనుకుందాం. పొర మందం 150 మైక్రాన్లు, అంటే 0.015 సెంటీమీటర్లు. మందాన్ని వాహకతతో భాగించండి. అర ఓమ్ వచ్చింది. అర ఆంపియర్ కరెంటు తీస్తే పావు వోల్టు ఆ పొరలోనే ఖర్చయిపోతుంది. ఒక సెల్ ఏమీ లోడు లేనప్పుడు ఇచ్చేదే సుమారు 1.1 వోల్టులు. అందులో పావు వోల్టు పోతే ఇంకేం మిగిలింది? అదే పొరని 10 మైక్రాన్లకి దించండి. నిరోధం 0.033 ఓమ్, నష్టం 0.017 వోల్టులు. పదార్థం మారలేదు, వేడి మారలేదు. మారింది మందం ఒక్కటే. మీ నోట్‌బుక్‌లో కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు ఉంటుంది. అందులో పదో వంతు మందం ఉన్న సెరామిక్ పొరని, అరచేయంత వెడల్పున, ఒక్క చిల్లు లేకుండా వేయాలి.

పది మైక్రాన్ల పొర తన కాళ్ళ మీద తాను నిలబడదు. ఎవరో ఒకరు మోయాలి. ఎలక్ట్రోలైట్‌నే మందంగా చేసి దాని మీదే మిగతావి వేసే పద్ధతి ఒకటి. ఆనోడ్‌ని అర మిల్లీమీటరు మందంగా చేసి దాని మీద పల్చటి ఎలక్ట్రోలైట్ వేసే పద్ధతి ఇంకొకటి. స్టీలు పలకని ఆధారంగా పెట్టుకునే పద్ధతి మూడోది. మోసేది ఏదో తేలితేనే పూత ఎలా వేయాలో తేలుతుంది. నేను ఎక్కువగా రెండో పద్ధతి గురించే మాట్లాడతాను, నాకు చేతికి అలవాటైనది అదే.

ఆ మందపాటి ఆనోడ్‌ని టేప్ కాస్టింగ్‌తో చేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కెపాసిటర్లలోకి మైకాకి బదులుగా పల్చటి సెరామిక్ పలకలు కావలసి వచ్చాయి. గ్లెన్ హావట్ అనే అమెరికన్ ఈ దారి వేశాడు, 1952లో పేటెంట్ వచ్చింది. నికెల్ ఆక్సైడ్ పొడి, జిర్కోనియా పొడి కలిపి, ఆల్కహాల్, టాలుయీన్ లాంటి ద్రవంలో వేసి చిక్కటి స్లర్రీ చేస్తారు. ఆ ద్రవాన్నే సాల్వెంట్ అంటారు. కింద ప్లాస్టిక్ ఫిల్ము నెమ్మదిగా కదులుతూ ఉంటుంది. పైన బ్లేడు కదలకుండా ఉంటుంది. బ్లేడు కింద ఉన్న సందులోంచి స్లర్రీ సమానంగా పరుచుకుంటుంది. అది ఆరాక తోలు లాంటి మెత్తటి షీటు అవుతుంది. చుట్టొచ్చు, కత్తిరించొచ్చు, ఒకదాని మీద ఒకటి పేర్చి నొక్కొచ్చు.

వినడానికి సులువుగానే ఉంది. కష్టమంతా స్లర్రీలో ఉంది. అందుకే కొంచెం ఓపిగ్గా చెబుతాను. ఈ పొడి రేణువులు అర మైక్రాన్ కంటే చిన్నవి. అంత చిన్న రేణువులు ఒకదాన్నొకటి లాక్కుని ఉండలు కడతాయి. ఉండ కట్టిన చోట ఆరాక గుంట పడుతుంది, కాల్చాక చిల్లు పడుతుంది. అందుకని ముందు డిస్పర్సెంట్ వేయాలి. అది రేణువు చుట్టూ చేరి, పక్క రేణువుని దగ్గరికి రానివ్వదు. ఎన్నో ఏళ్ళు దీనికి వాడింది మెన్‌హేడెన్ అనే చేప నూనె. ఇప్పటికీ చాలా ల్యాబుల్లో అదే వాడతారు. డిస్పర్సెంట్ వేసి, జిర్కోనియా గుండ్లతో బాల్ మిల్లులో ఒక రోజు తిప్పాక, అప్పుడు బైండర్ వేయాలి. బైండర్ అంటే పొడిని పట్టి ఉంచే జిగురు, మామూలుగా పాలీవినైల్ బ్యూటిరాల్ వాడతారు. దాంతోపాటు షీటు విరక్కుండా వంగడానికి ప్లాస్టిసైజర్. ఇంకో రోజు తిప్పాలి. ఈ వరస మార్చకూడదు. బైండర్ ముందే పోసేస్తే అది రేణువు ఉపరితలాన్ని ఆక్రమించేస్తుంది, తర్వాత వచ్చిన డిస్పర్సెంట్‌కి చోటుండదు. అవే దినుసులు, అవే తూకాలు, వరస ఒక్కటే తేడా, షీటు పాడవుతుంది. చివర్లో స్లర్రీని వాక్యూమ్‌లో పెట్టి గాలి బుడగలు లాగేయాలి. కంటికి కనిపించని బుడగే రేపు ఎలక్ట్రోలైట్‌లో చిల్లు.

తర్వాత ఆరబెట్టడం. మామిడి తాండ్ర పోసే ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది నేను చెప్పాల్సిన పని లేదు. చాప మీద రసం పల్చగా ఒక పొర పోస్తారు, అది ఆరాక దాని మీద ఇంకో పొర. తొందరపడి ఒకేసారి మందంగా పోస్తే పైన తోలు కడుతుంది, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. స్లర్రీ కూడా అంతే. పైన తోలు కట్టిందంటే లోపలి సాల్వెంట్ బయటికి రాలేదు. వచ్చేటప్పుడు బుడగగా వస్తుంది, లేదా పగలగొట్టుకుని వస్తుంది. అందుకే మంచి మెషిన్లలో కింది నుంచి కొద్దిగా వేడి ఇస్తారు, పైన గాలిలో సాల్వెంట్ ఆవిరి కొంత ఉండేలా చూస్తారు. మూత పెట్టి నిదానంగా ఆరబెట్టడమన్నమాట. మన బరంపురం, ఛత్రపురం గాలిలో తేమ సంగతి మీకు తెలుసు. వానాకాలంలో ఆల్కహాల్ తొందరగా ఆవిరైతే షీటు పైభాగం చల్లబడి గాలిలోని తేమని పట్టుకుంటుంది, తెల్లటి మచ్చలు పడతాయి. సముద్రం పక్కన ఈ పని పెట్టుకునేవాళ్ళు ఫర్నేస్ కొనేముందు గదిలో తేమ తగ్గించే ఏర్పాటు చూసుకోవాలి.

పొర ఆరుతూ కుదించుకుపోతుంది. విడి షీటు అయితే అన్ని వైపులా కుదించుకుంటుంది, గొడవ లేదు. గట్టి పలక మీద వేసిన పూత పక్కలకి కుదించుకోలేదు, కింద పలక పట్టుకుని ఉంటుంది. ఆ లాగుడు అంతా పొరలోనే ఉండిపోయి, ఒక మందం దాటితే పగులు పడుతుంది. రేణువు ఎంత చిన్నదైతే పగలకుండా వేయగల మందం అంత తగ్గుతుంది. చిన్న రేణువులు కావాలి, ఎందుకంటే అవి తక్కువ వేడికే దట్టంగా అతుక్కుంటాయి. కానీ చిన్న రేణువులతో మందంగా వేయలేం. దీనికి చాలామంది మెషిన్ మారుస్తారు. మార్చాల్సింది స్లర్రీలో పొడి శాతం, పూతల సంఖ్య. పల్చగా వేయండి, ఆరనివ్వండి, మళ్ళీ వేయండి.

ఆనోడ్ షీటుని గుల్ల చేయడానికి స్లర్రీలోనే స్టార్చ్ కలుపుతారు. కాల్చినప్పుడు స్టార్చ్ కాలిపోతుంది, అది ఉన్న చోట ఖాళీ మిగులుతుంది. బియ్యం స్టార్చ్ రేణువు సుమారు 5 మైక్రాన్లు, మొక్కజొన్నది 15 దగ్గర, బంగాళదుంపది ఇంకా పెద్దది. ఏ స్టార్చ్ వేస్తే ఆ సైజు రంధ్రం. ఇంకో గుల్లతనం దానంతట అదే వస్తుంది. సెల్ మొదటిసారి హైడ్రోజన్‌లో వేడెక్కినప్పుడు నికెల్ ఆక్సైడ్‌లోంచి ఆక్సిజన్ పోయి నికెల్ లోహం మిగులుతుంది, దాని ఘనపరిమాణం సుమారు 40 శాతం తగ్గుతుంది. ఇదే తిరగబడితే ప్రమాదం. వేడి మీదుండగా గ్యాసు ఆగిపోయి గాలి లోపలికి వస్తే నికెల్ మళ్ళీ ఆక్సైడ్ అయి ఉబ్బుతుంది, పైన ఉన్న పది మైక్రాన్ల ఎలక్ట్రోలైట్ పగిలిపోతుంది.

అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. నికెల్ ఆక్సైడ్ పొడి పీల్చడం క్యాన్సర్ కారకం. టాలుయీన్ ఆవిరి మంచిది కాదు. తూకం వేసేటప్పుడు సరైన మాస్కు, గ్లవ్స్, గాలి లాగే హుడ్ ఉండాల్సిందే. ఏ ల్యాబులోనైనా "కొంచెమే కదా, పరవాలేదు" అంటే ఆ మాట వినకండి.

ఇప్పుడు ఎలక్ట్రోలైట్ పూత. ఆనోడ్ మీద దీన్ని వేయడానికి బోలెడు పద్ధతులున్నాయి. అన్నిటికంటే ఎక్కువ వాడేది స్క్రీన్ ప్రింటింగ్. అవును, బజార్లో పెళ్ళి కార్డులు, బ్యానర్లు కొట్టే స్క్రీన్ ప్రింటింగే. ఫ్రేముకి బిగించిన మెష్, పైన సిరాని లాగే రబ్బరు పట్టీ స్క్వీజీ, కింద పలక. తేడా సిరాలో ఉంది. జిర్కోనియా పొడిని టెర్పినాల్ అనే ద్రవంలో కలుపుతారు, ఇథైల్ సెల్యులోజ్ జిగురుగా వేస్తారు. టెర్పినాల్ నెమ్మదిగా ఆరుతుంది, గదంతా దేవదారు కర్ర వాసన వస్తుంది. ఆ ముద్దని మూడు రోలర్ల మిల్లులో పదే పదే నలుపుతారు. స్క్వీజీ లాగుతున్నప్పుడు సిరా పల్చబడి మెష్ దాటాలి. లాగడం అయిపోగానే చిక్కబడి అంచు జారకుండా నిలబడాలి. ప్రింటయిన వెంటనే చూడండి, పొర మీద మెష్ అచ్చులు గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి. దాన్ని అలాగే ఓవెన్లో పెట్టకూడదు. బల్ల మీద కదపకుండా కొన్ని నిమిషాలు వదిలేస్తే గళ్ళు మెల్లగా కలిసిపోయి, పొర అద్దంలా మెరుస్తుంది. అప్పుడు ఆరబెట్టాలి. ఆ కొన్ని నిమిషాల ఓపిక లేక పాడయ్యే పొరలు చాలా ఉంటాయి. గళ్ళు మిగిలిన చోట మందం సమంగా ఉండదు, పల్చగా ఉన్న చోటే చిల్లు పడుతుంది.

కె.ఆర్. శ్రీధర్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. తిరుచ్చిలో ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్ళి, నాసా కోసం అంగారకుడి గాలిలోంచి ఆక్సిజన్ తీసే పరికరం మీద పని చేశారు. 2001లో ఆయన మొదలుపెట్టిన కంపెనీయే ఇవాళ్టి బ్లూమ్ ఎనర్జీ. పల్చటి సెరామిక్ పలక, ఒక పక్క పచ్చ సిరా, ఇంకో పక్క నల్ల సిరా, ఇదే ఆయన లోకానికి చూపించిన సెల్. పచ్చ రంగు నికెల్ ఆక్సైడ్‌ది. ఇదే సెల్‌కి బయటి నుంచి కరెంటు ఇచ్చి వెనక్కి నడిపితే ఆక్సిజన్ తీయొచ్చు. 2021లో పర్సెవరెన్స్ రోవర్‌లోని మాక్సీ అనే పరికరం అలాగే అంగారకుడి మీద ఆక్సిజన్ చేసింది. 16 సార్లు నడిపి మొత్తం 122 గ్రాములు తీశారు.

గొట్టం ఆకారంలో ఉన్న సెల్‌కి స్క్రీన్ పనికిరాదు. దానికి డిప్ కోటింగ్. స్లర్రీలో ముంచి, సమానమైన వేగంతో పైకి తీస్తారు. ఇక్కడ అందరూ ఊహించేదానికి వ్యతిరేకంగా జరుగుతుంది. వేగంగా తీస్తే పొర మందమవుతుంది, నిదానంగా తీస్తే పల్చబడుతుంది. లాండావ్, లెవిచ్ అనే ఇద్దరు 1942లో దీనికి లెక్క కట్టారు. వేగం ఎనిమిది రెట్లు పెంచితే మందం నాలుగు రెట్లవుతుంది. గొట్టం గుల్లగా ఉంటే అది ద్రవాన్ని తనలోకి పీల్చుకుంటుంది, పొడి పైన పేరుకుంటుంది, అప్పుడు ముంచి ఉంచిన సమయం కూడా లెక్కలోకి వస్తుంది. కరెంటుతో వేసే పద్ధతి ఇంకొకటి, ఎలక్ట్రోఫొరెటిక్ డిపోజిషన్ అంటారు. అసిటోన్‌లో కొంచెం అయొడిన్ వేసి అందులో జిర్కోనియా పొడి కలిపితే రేణువులకి ప్లస్ చార్జ్ వస్తుంది. వోల్టేజ్ పెడితే అవి మైనస్ వైపు ఉన్న పలక మీదికి వెళ్ళి పేరుకుంటాయి. ఎక్కడ పొర పల్చగా ఉంటే అక్కడికే ఎక్కువ రేణువులు వెళ్తాయి, అందుకని మందం దానంతట అదే సమం అవుతుంది. నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇది. చిక్కల్లా పలకలో కరెంటు పారాలి. నికెల్ ఆక్సైడ్ ఆనోడ్ కరెంటుని సరిగా పోనివ్వదు, దానికి గ్రాఫైట్ పూయడం లాంటి ఉపాయాలు పడాలి.

ఖరీదైన దారుల సంగతి త్వరగా చెప్పేస్తాను. వెస్టింగ్‌హౌస్ వాళ్ళు 1970ల చివర్లో ఎలక్ట్రోకెమికల్ వేపర్ డిపోజిషన్ అనే పద్ధతి తెచ్చారు. గుల్ల గొట్టానికి ఒక పక్క జిర్కోనియం, యిట్రియం క్లోరైడ్ల ఆవిరి, ఇంకో పక్క ఆక్సిజన్. రెండూ రంధ్రంలో కలిసి ముందు రంధ్రాన్ని పూడుస్తాయి. రంధ్రం మూసుకున్నాక ఆక్సిజన్ అయాన్‌గా మారి ఆ పూడిక గుండానే నడిచి అవతలి ఆవిరిని కలుస్తుంది, పొర పెరుగుతూ పోతుంది. తన చిల్లుని తానే పూడ్చుకునే పూత ఇది. ఇంత తెలివైన పద్ధతి ఈ రంగంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. కానీ వాక్యూమ్, 1000 డిగ్రీలకి పైగా వేడి, తినేసే క్లోరైడ్లు, ఖర్చు తట్టుకోలేకపోయారు. ప్లాస్మా స్ప్రేలో పొడిని కరిగించి వేగంగా కొడతారు, చుక్కలు అప్పచ్చుల్లా అతుక్కుని గట్టిపడతాయి. మళ్ళీ ఫర్నేస్‌లో కాల్చక్కర్లేదు కాబట్టి స్టీలు ఆధారంగా ఉన్న సెల్‌కి ఇది బాగా పనికొస్తుంది. చుక్కకీ చుక్కకీ మధ్య సందులుంటాయి కాబట్టి గుల్ల పొరకి బాగుంటుంది, దట్టమైన పొరకి కష్టపడాలి. ఇలాంటి స్ప్రే పూతల మీద దేశంలో పెద్ద అనుభవం హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ వాళ్ళకుంది.

కాల్చడం గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. ఆనోడ్, ఎలక్ట్రోలైట్ కలిపి 1400 డిగ్రీల దగ్గర ఒకేసారి కాలుస్తారు. మొదటి 500 డిగ్రీలు నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వెళ్ళాలి, జిగురంతా మెల్లగా కాలిపోవాలి కాబట్టి. కాలేటప్పుడు పొడవు సుమారు 20 శాతం తగ్గుతుంది. ఆనోడ్, ఎలక్ట్రోలైట్ ఒకే వేగంతో కుదించుకోకపోతే పలక వంకర తిరుగుతుంది. ఎటువైపు వంగిందో చూస్తే ఏది ఎక్కువ కుదించుకుందో తెలుస్తుంది. లోపలికి ఒంపు తిరిగిన వైపుదే ఎక్కువ కుదింపు. పైన సెరామిక్ పలకల బరువు పెట్టి చదును చేస్తారు కానీ, అసలు మందు స్లర్రీ దగ్గరే ఉంది.

తర్వాత క్యాథోడ్. 700 డిగ్రీల దగ్గర బాగా పని చేసే క్యాథోడ్ లాంథనం, స్ట్రాన్షియం, కోబాల్ట్, ఇనుము కలిసిన ఆక్సైడ్. మోనజైట్‌లో లాంథనం అన్నాను కదా, అది ఇక్కడికి వస్తుంది. దీన్ని నేరుగా జిర్కోనియా మీద వేస్తే అందులోని స్ట్రాన్షియం జిర్కోనియాతో కలిసి స్ట్రాన్షియం జిర్కొనేట్ అవుతుంది, దానిలోంచి ఆక్సిజన్ పోదు. అందుకని మధ్యలో అడ్డు పొర వేస్తారు. అది గడోలినియం కలిపిన సీరియా, అంటే సీరియం ఆక్సైడ్. మోనజైట్‌లోని సీరియం ఇక్కడికి వస్తుంది. ఈ పొర దగ్గరే పెద్ద తలనొప్పి. స్క్రీన్ ప్రింట్ చేసి 1250 డిగ్రీల దగ్గర కాలిస్తే అది పూర్తిగా దట్టం కాదు, మిగిలిన రంధ్రాల్లోంచి స్ట్రాన్షియం జారిపోతుంది. దట్టం చేద్దామని ఇంకా వేడి పెంచితే సీరియా, జిర్కోనియా ఒకదాన్లోకి ఒకటి కరిగి, అయాన్లు సరిగా నడవని కొత్త పొర తయారవుతుంది. ఈ ఒక్క చోట ఖరీదైన స్పటరింగ్‌కి, అంటే ఒక దిమ్మ నుంచి పరమాణువుల్ని ఎగరగొట్టి పూత వేసే పద్ధతికి, నేను ఓటేస్తాను. వాక్యూమ్‌లో కొన్ని వందల డిగ్రీల దగ్గరే, మైక్రాన్ మందంలో, దట్టమైన పొర వస్తుంది. క్యాథోడ్‌ని చివర్లో ప్రింట్ చేసి 1050 డిగ్రీల దగ్గర కాలుస్తారు. రేణువులు మెడ దగ్గర అతుక్కోవాలి అంతే, కరిగి దట్టం కాకూడదు. 1400, 1250, 1050. ప్రతి పొరనీ ముందు పొర కంటే తక్కువ వేడిలో కాల్చాలి. ఈ మెట్లు చూసుకునే ఏ పొర ఎప్పుడు వేయాలో నిర్ణయిస్తారు.

శ్రద్ధగా చేస్తే ఎంతకాలం నిలుస్తుందో ఒక్క ఉదాహరణ. జర్మనీలో యూలిష్ పరిశోధన కేంద్రంలో 2007లో మొదలుపెట్టిన చిన్న స్టాక్, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన సెల్స్, 700 డిగ్రీల దగ్గర పదకొండేళ్ళకి పైగా, లక్ష గంటలు దాటి నడిచింది. 2019లో ఆపారు. అలాంటివాటిలో పొరలు టేప్ కాస్టింగ్, స్క్రీన్ ప్రింటింగ్ లాంటి మామూలు పద్ధతులతోనే వేస్తారు. నేను ఇంతసేపు ఓపిక ఓపిక అన్నది ఇందుకే.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక తండ్రి: మా అమ్మాయి డిప్లొమా చదువుతోంది. ఇందులో దానికి చోటుందా?)

ఉందండీ. స్లర్రీ చేసేవాళ్ళు, ప్రింట్ చేసేవాళ్ళు, ఫర్నేస్ చూసేవాళ్ళు లేకుండా ఏ ల్యాబూ నడవదు. టెక్నీషియన్ చేయి బాగుంటేనే పొర బాగుంటుంది. మనకి దగ్గర్లో కోల్‌కతాలో సీజీసీఆర్‌ఐ ఉంది, గాజు, సెరామిక్స్ పరిశోధన సంస్థ. అక్కడ ఈ సెల్స్ మీద చాలా ఏళ్ళుగా పని జరుగుతోంది. హౌరా రైలెక్కితే చేరిపోతారు. ఏ నోటిఫికేషన్ వచ్చినా వాళ్ళ వెబ్‌సైట్‌లోనే చూడండి, మధ్యవర్తులకి డబ్బులివ్వకండి. అమ్మాయికి సెరామిక్స్ తెలియకపోయినా, రసాయన శాస్త్రం బాగా చదువుకోమనండి. స్లర్రీ అంతా రసాయన శాస్త్రమే.

(ఒక యువకుడు: నాకు స్క్రీన్ ప్రింటింగ్ షాపుంది. మా టేబుల్ మీద ఇది వేయొచ్చా?)

ప్రాక్టీసుకి వేయొచ్చు, తమ్ముడూ. నీకు స్క్వీజీ కోణం, ఒత్తిడి, మెష్ బిగువు, స్క్రీన్‌కీ పలకకీ మధ్య ఎడం ఇవన్నీ చేతికి తెలుసు. మా విద్యార్థులకి అది నేర్పడానికే నెలలు పడుతుంది. కాకపోతే దుమ్ము. నీ షాపులో గాలిలో ఎగిరే ఒక్క పోగు పడితే పెళ్ళి కార్డు పాడవదు. పది మైక్రాన్ల పొర మీద పడితే అది కాలిపోయి, ఆ చోట చిల్లు పెడుతుంది. అందుకే ప్రింటింగ్ గది వేరుగా, శుభ్రమైన గాలితో ఉంటుంది. నికెల్ సిరాని మాత్రం షాపులో ముట్టుకోవద్దు.

(ఒక విద్యార్థిని: చిల్లు ఉందో లేదో కంటికి కనబడదు కదా, ఎలా తెలుస్తుంది?)

మంచి ప్రశ్న అమ్మా. మూడు అంచెలుగా చూస్తాం. కాల్చి తీసిన పలక మీద, ఎలక్ట్రోలైట్ వైపు, రంగు కలిపిన ఆల్కహాల్ రాస్తాం. చిల్లుంటే ద్రవం అందులో దిగి, గుల్లగా ఉన్న ఆనోడ్ వైపు మచ్చ కనబడుతుంది. మచ్చ లేకపోతే హీలియం గ్యాసు పెట్టి, ఎంత కారుతోందో కొలుస్తాం, అది రంగు దూరలేని సన్న సందుల్లోంచి కూడా పోతుంది. ఈ రెండూ దాటితే సెల్‌ని వేడెక్కించి, ఒక పక్క హైడ్రోజన్, ఒక పక్క గాలి పంపి, లోడు లేకుండా వోల్టేజ్ చూస్తాం. 800 డిగ్రీల దగ్గర 1.1కి దగ్గరగా వస్తే పొర బాగున్నట్టు. 0.9 వచ్చిందనుకో, గ్యాసు ఎక్కడో కారుతోంది. అప్పుడు ముందు సీలు వైపు అనుమానించాలి, ఎందుకంటే చాలాసార్లు తప్పు అంచు దగ్గరి గాజు సీల్‌ది అయి ఉంటుంది. సీలు బాగానే ఉందని తేలితే సెల్‌ని చల్లార్చి, విరగ్గొట్టి, విరిగిన అంచుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడతాం. పొర లోపల గుండ్రటి ఖాళీ కనిపిస్తే అది స్లర్రీలోని గాలి బుడగ. ముక్కలు ముక్కలుగా ఉన్న గుంట అయితే ఉండ కట్టిన పొడి. పొరకి అడ్డంగా గీత కనిపిస్తే ఆరబెట్టడంలో పగులు. మొదటిదైతే వాక్యూమ్‌లో ఎక్కువసేపు పెట్టాలి, రెండోదైతే మళ్ళీ బాల్ మిల్లు దగ్గరికి, మూడోదైతే పూత పల్చగా చేసి రెండుసార్లు వేయాలి.